పూసలు పోతే పోనివ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పాఠశాల విద్యా సంచాలకులకు బహిరంగ లేఖ



ఇది నిధులు అడిగే ఉత్తరం కాదు. కొత్త పథకం పెట్టమనీ కాదు, కొత్త కిట్టు పంపమని అసలే కాదు. ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు లెక్కలు నేర్చుకోవడానికి ఇప్పటికే బడుల్లో ఉన్న పూసలు, ఘనాలు, దిమ్మెలు, ఆట నోట్లు, కార్డులు సుద్దముక్కల పద్దులోకి మార్చమని అడుగుతున్నాను. సుద్దముక్క అరిగిపోయిందని ఏ హెడ్మాస్టరూ సంజాయిషీ రాసుకోడు. ఏప్రిల్ నెలలో మిగిలిన సుద్దను ఎవరూ లెక్కపెట్టరు. పూసకూ ఆ మర్యాద దక్కితే చాలు.

నేను సెకండరీ గ్రేడ్ టీచరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎక్కువ కాలం చిన్న తరగతులకే చెప్పాను. ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే బడికి వెళ్లి పిల్లల మధ్య కూచుంటాను. వెళ్లిన చోటల్లా, లెక్కల కిట్టు ఉందా అని అడగడం నా అలవాటు. ఉంది సార్ అంటారు. చూద్దామంటే తాళంచెవి వెతుకుతారు. బీరువా పై అరలో, పాత జవాబు పత్రాల కట్టల వెనక, అట్టపెట్టెలో అది ఉంటుంది. లోపలి ప్లాస్టిక్ కవరు చాలాసార్లు చింపి కూడా ఉండదు.

టీచర్లు బద్ధకస్తులని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఆ పెట్టెలో ఏవేవి ఎన్నెన్ని ఉన్నాయో స్టాక్ రిజిస్టర్లో ఎక్కి, పక్కన హెడ్మాస్టరు సంతకం ఉంటుంది. ముప్పై మంది పిల్లల మధ్య ఆ పెట్టె పావుగంట తెరిచారా, నాలుగు ఘనాలు బల్లల కిందికి దొర్లుతాయి, ఒకటి ఒకడి జేబులోకి పోతుంది, ఇంకొకటి ఇంకొకడి నోట్లోకి పోతుంది. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి పిల్లవాడికి తీసివేత వచ్చిందా అని అడుగుతాడో లేదో గానీ, వంద ఉండాల్సినవి తొంభై నాలుగే ఉన్నాయేమని తప్పకుండా అడుగుతాడు. బదిలీ మీద పోతూ చార్జి అప్పగించే రోజున ఆ ఆరు ఘనాలే మెడకు చుట్టుకుంటాయి. సొంత డబ్బుతో కొని లెక్క సరిచేసిన వాళ్లను నేనెరుగుదును. ఇంత తెలిసీ పెట్టె తెరిచేవాడికి ధైర్యం కావాలి. లెక్కలు చెప్పడానికి ధైర్యం అవసరం కాకూడదు కదా.

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. 1986 జాతీయ విద్యావిధానం వెంట 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చినప్పుడు పటాలు, గ్లోబులతోపాటు లెక్కల కిట్టు కూడా ప్రాథమిక బడులకు చేరింది. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా ప్రాజెక్టు ఏపీపీఈపీ, దాని వెనక జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం డీపీఈపీ, దాని వెనక సర్వశిక్షా అభియాన్. 2023 ఫిబ్రవరిలో కేంద్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం ‘జాదూయీ పిటారా’ అనే ఆటల, బోధన సామగ్రి పెట్టెను విడుదల చేసింది. పెట్టెలు మారాయి గానీ తాళం మారలేదు.

డీపీఈపీ కాలం నుంచి చాలా ఏళ్లు టీచరుకు ఏడాదికి 500 రూపాయల బోధన సామగ్రి, అంటే టీఎల్‌ఎం గ్రాంటు ఇచ్చేవారు. ఆ డబ్బు ఇవ్వాలన్న ఆలోచన మంచిదే. కానీ అది థర్మోకోల్‌గానూ మెరుపు కాగితాలుగానూ మారి మండల కేంద్రంలో టీఎల్‌ఎం మేళాకు వెళ్లేది. ఎంత అందంగా చేసేవారో! పిల్లవాడు ముట్టుకుంటే చెడిపోయేంత అందంగా. మేళా అయ్యాక అవి గోడకెక్కేవి. టీచరు చేసి, టీచరు పట్టుకుని, టీచరు చూపించి, టీచరే దాచుకునే వస్తువు మేళాకు బాగుంటుంది. పిల్లవాడికి అది ఇంకో నల్లబల్ల మాత్రమే.

పిల్లవాడి చేతిలో వస్తువు ఎందుకు ఉండాలో మీకు తెలియదని కాదు. జాతీయ విద్యావిధానం నుంచి మీ శిక్షణ కరదీపికల దాకా అన్నిట్లోనూ ఆ మాట ఉంది. అయినా ఒక తీసివేత దగ్గర కాసేపు ఆగుతాను. నా వాదన అంతా అక్కడే ఉంది.

యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేయాలి. రెండు, మూడు తరగతుల్లో చాలామంది 35 అని రాస్తారు. ఇది తొందరపాటు కాదు, వాళ్ల లెక్క వాళ్లకుంది. రెండులోంచి ఏడు పోదు, ఏడులోంచి రెండు పోతుంది, కాబట్టి పోయేదాన్నే పంపించారు. మనం వెంటనే మన మంత్రం చెబుతాం: పక్కింటికెళ్లి ఒకటి అప్పు తెచ్చుకో. బుద్ధిమంతుడు తెచ్చుకుంటాడు. అయిదు కొట్టేసి నాలుగు వేస్తాడు, రెండు నెత్తిన ఒకటి వేసి పన్నెండు చేస్తాడు, 25 రాస్తాడు. మార్కు పడుతుంది. తెచ్చిన ఆ ఒకటి, ఒకటా పదా అని అడిగి చూడండి. ఎక్కువమంది ఒకటే అంటారు. ఆ అప్పు మళ్లీ ఎప్పుడు తీరుస్తాం సార్ అని ఒక పాప నన్నడిగింది. సరైన ప్రశ్న. మనం చెప్పిన కథలో అప్పు తీర్చడమన్నదే లేదు మరి.

అదే లెక్కకు చీపురు పుల్లలు ఇవ్వండి. వేలెడంత ముక్కలుగా విరిచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసుకోమనండి. కట్టలు పిల్లలే కట్టాలి, ఎందుకన్నది కాసేపట్లో చెబుతాను. పిల్లవాడి ముందు అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఇరవై ఏడు నాకివ్వు అంటాను. రెండు కట్టలు ఠక్కున ఇచ్చేస్తాడు. ఇంకా ఏడు కావాలి. చేతిలో విడివి రెండే. కట్టల వంక చూస్తాడు, నా వంక చూస్తాడు. పక్కవాడు చెప్పబోతే ఆపాలి, టీచరుకు కష్టమైన పని ఇదొక్కటే. కొంతసేపటికి ఒక కట్ట రబ్బరు బ్యాండు లాగేస్తాడు. పన్నెండు విడి పుల్లలయ్యాయి. ఏడు ఇస్తాడు, అయిదు మిగిలాయి. కట్టలు చూసుకుంటే రెండు. ఇరవై అయిదు.

ఇక్కడ అప్పు లేదు, పక్కిల్లు లేదు. తన పదినే తాను విప్పుకున్నాడు. కాగితం మీద అయిదును కొట్టి నాలుగు వేయడమంటే ఆ రబ్బరు బ్యాండు తీయడమేనని పిల్లవాడికి తెలిస్తే, ఐదో తరగతిలో 5002లోంచి 1678 తీసేటప్పుడు సున్నాల మధ్య దారి తప్పడు. వెయ్యి విప్పితే పది వందలు, వంద విప్పితే పది పదులు. మళ్లీ మళ్లీ అదే పని.

ఇప్పుడు కట్టలు పిల్లలే ఎందుకు కట్టాలన్న సంగతి. కంపెనీ కిట్టులో పది ఘనాలు అతికిన పొడుగు కడ్డీ వస్తుంది, వంద ఘనాల పలక వస్తుంది. గణితవేత్త జోల్టాన్ డీన్స్ పేరు మీద ప్రపంచమంతా తిరిగే దిమ్మెలు అవి. మంచివే. కానీ ఆ కడ్డీ విరగదు. దాన్ని ఇచ్చి పది ఘనాలు మార్చుకోవాలి. విప్పడం వేరు, మార్చుకోవడం వేరు. విప్పినప్పుడు పదీ ఎక్కడికీ పోలేదని కళ్లు చెబుతాయి. మార్చుకునేటప్పుడు రెండూ సమానమేనని నమ్మాలి. పది రూపాయల నోటు దగ్గరికొస్తే నమ్మకం ఇంకా పెద్దది కావాలి: ఆ కాగితం రూపాయి బిళ్లకు పదింతలు లేదు, పది బిళ్లలు దానిలోపల దాగీ లేవు. అందుకే పుల్లలు ముందు, దిమ్మెలు తర్వాత, డబ్బు ఆ తర్వాత. మన పాఠాల్లో ఒకే వారంలో మూడూ కలిపి బొమ్మలుగా అచ్చవుతాయి. కిట్టులో ఈ వరుస ఎక్కడా రాసి ఉండదు.

మరియా మాంటిస్సోరి బంగారు పూసలు తయారు చేసినప్పుడు ఈ ఇబ్బందిని ఒక విధంగా దాటారు. ఒక పూస, పది పూసలు గుచ్చిన కడ్డీ, వంద పూసల చదరం, వెయ్యి పూసల ఘనం. ఏదీ మూసి ఉండదు, లోపలి పూసలు కనిపిస్తూనే ఉంటాయి. వెయ్యి ఘనాన్ని అరచేతిలో పట్టుకున్న పిల్లవాడికి వెయ్యి బరువు తెలుస్తుంది. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు, యుద్ధకాలం చాలామటుకు ఈ దేశంలోనే గడిపారు. మనకు ఇంత దగ్గరగా వచ్చిన ఆ పూసలు ఫీజు కట్టి చదివే బడుల్లోనే ఆగిపోయాయి. బెల్జియంలో జార్జ్ క్విజనేర్ అనే బడిపంతులు రంగు కడ్డీలు చేశాడు. ఒక సెంటీమీటరు నుంచి పది దాకా పది పొడుగులు, ఒక్కో పొడుగుకు ఒక్కో రంగు. 1952లో వాటి మీద పుస్తకం వేశాడు. అది కూడా ఖరీదైన సరుకై కూచుంది. నాకు వాటి మీద మోజు లేదు. బడి పక్కనే దొరికేవాటితో ఈ పనులు చాలావరకు అవుతాయి.

మధ్యాహ్న భోజనానికి గుడ్లు వస్తాయి కదా, ఆ ముప్పై గుంటల అట్టను మూడుగా కోయండి. ఒక్కో ముక్కలో అయిదేసి చొప్పున రెండు వరుసలు, మొత్తం పది గుంటలు. పుస్తకాల్లో పదిగళ్ల చట్రం అంటూ గీసేది ఇదే. ఎనిమిది చింతపిక్కలు వేయండి, రెండు గుంటలు ఖాళీగా కనిపిస్తాయి. ఎనిమిదికి అయిదు కలపమంటే మన పిల్లలంతా ‘ఎనిమిది మనసులో, అయిదు చేతిలో’ అంటూ వేళ్లు తెరుస్తారు. తొమ్మిది, పది, పదకొండు అని ఎక్కుతారు. తప్పు కాదు, వేళ్లు దాచుకోమని గదమాయించే టీచర్లతో నాకు ఎప్పుడూ పేచీనే. ఏ ఇండెంటూ పెట్టకుండా వచ్చిన సామగ్రి వేళ్లే. కాకపోతే ఐదో తరగతిలో కూడా ఒక్కొక్కటిగానే ఎక్కుతుంటే అక్కడ ఆగిపోయారన్న మాట. గుడ్ల అట్ట ఆ మెట్టు దాటిస్తుంది. అయిదులో రెండు వెళ్లి ఖాళీ గుంటలు నింపుతాయి, మూడు బయట ఉంటాయి. పదీ మూడూ. కొన్నాళ్లకు అట్ట అక్కర్లేకుండానే ఆ రెండు ఖాళీలు కనిపిస్తాయి.

వంద పూసల దండ సంగతి కొందరు టీచర్లకు తెలుసు, గణితమాల అంటారు. పది ఎర్రవి, పది తెల్లవి, మళ్లీ పది ఎర్రవి. నెదర్లాండ్స్‌లో ఫ్రాయిడెంతాల్ పేరు మీద ఉన్న సంస్థ ఇలాంటి దండలతో చాలా పని చేసింది. ఇక్కడ ఢిల్లీలోని జోడో జ్ఞాన్ వాళ్లు దాన్ని వ్యాప్తిలోకి తెచ్చారు. ముప్పై ఎనిమిదో పూస తర్వాత బట్టల క్లిప్పు పెట్టమంటే మొదట్లో పిల్లలు ఒకటి నుంచి లెక్కపెడతారు. కొన్నాళ్లకు మూడు రంగులు దాటి ఎనిమిది లెక్కిస్తారు. ఆ తర్వాత ఒక రోజు ఎవరో ఒకరు నాలుగో రంగు చివరికి పోయి రెండు వెనక్కి వస్తారు. నలభైకి రెండు తక్కువ అని ఎవరూ చెప్పకుండానే వచ్చింది. నేను గోడకు దండ కట్టిన బడుల్లో ఇది చూశాను. చూసిన ప్రతిసారీ నాకు పండగే.

మన ఇళ్లలో వామనగుంటల పీట ఉండేది. ఇటు ఏడు, అటు ఏడు గుంటలు. గుప్పెడు పిక్కలు తీసి ఒక్కో గుంటలో ఒక్కోటి వేసుకుంటూ పోవడం, ఎక్కడ ఆగుతానో ముందే చూసుకుని ఏ గుంట ఎత్తాలో తేల్చుకోవడం. అమ్మమ్మలు అది లెక్కల పాఠమని అనుకోలేదు. అయినా ఎత్తబోయే గుంటలో ఎన్నున్నాయో చూపుతోనే పట్టేసేవారు. అష్టాచెమ్మా కూడా అంతే. బడిలో ఈ ఆటలు ఆడిస్తే చదువు మానేసి ఆటలా అనే తండ్రులు ఇంకా ఉన్నారనుకోండి.

ఇంత మాట్లాడాక ఇంకో మాట చెప్పకపోతే న్యాయం కాదు. వస్తువు చేతికిస్తే లెక్క దానంతటదే రాదు. అమెరికాలో ప్రాథమిక బడిలో టీచరుగా పనిచేస్తూ పరిశోధన చేసిన డెబొరా బాల్ 1992లో ఒక వ్యాసం రాశారు. దిమ్మెల్లో పదులూ వందలూ పెద్దలకు కనిపించడానికి కారణం, అవి పెద్దలకు ముందే తెలిసి ఉండటమేనని ఆమె వాదన. తెలియని పిల్లవాడికి అవి కట్టెముక్కలే. నేను కూడా అలా దిమ్మెలతో ఇళ్లు కట్టుకునే తరగతులు చూశాను, ఇళ్లు బాగానే ఉన్నాయి. 2009లో వెలువడిన ఇంకో అమెరికా పరిశోధనలో, అచ్చం నిజం నోట్లలా ఉన్న ఆట డబ్బుతో లెక్కలు చేసిన పిల్లలు ఏదీ లేకుండా చేసినవాళ్ల కంటే ఎక్కువ తప్పులు చేశారు. అయితే ఆ తప్పుల్లో భావన తెలియక చేసినవి తక్కువ. వస్తువు ఎంత ముద్దొస్తే దృష్టి అంత దానిమీదికే పోతుంది. కొనుగోలు కమిటీలకు ఇది చెప్పాలి: బొమ్మలు అచ్చేసిన, కళ్లు ముక్కులు పెట్టిన లెక్కల పూసలు వద్దు. రెండు రంగుల గుండ్రటి బిళ్లలు చాలు.

ఇంకా పెద్ద సాక్ష్యం మన దేశంలోంచే వచ్చింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ల సహచరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లలను పరీక్షించి 2025లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు వేశారు. కిలో ధర, గ్రాముల తూకం, ఇవ్వాల్సిన చిల్లర, అన్నీ నోటి మీద కట్టే పిల్లలు కాగితం మీది తీసివేత, భాగహారం దగ్గర తడబడ్డారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలు కాగితం లెక్క చేసి, బజారు లెక్క దగ్గర ఆగిపోయారు. డబ్బు కంటే చేతికి అందే వస్తువు ఏముంటుంది? అది రోజూ చేతిలో ఉన్నా కాగితానికి దారి పడలేదు. ఆ దారి టీచరే వేయాలి.

దారి వేయడమంటే పెద్ద విద్యేమీ కాదు. కట్ట విప్పిన వెంటనే ఏం చేశావో చెప్పమనాలి, ఇంటి మాటల్లోనే. చెప్పినదాన్ని పలక మీద గీయమనాలి, కట్టకు నిలువు గీత, పుల్లకు చుక్క. గీసినదాని పక్కన అంకెలు వేయించాలి, అదే రోజున. పుల్లలు సోమవారం, అంకెలు శుక్రవారం అయితే ఆ రెంటికీ సంబంధం ఉందని పిల్లవాడికి తట్టదు. కొన్నాళ్లకు పుల్లలు తువ్వాలు కింద పెట్టి, చూడకుండా చెప్పమనాలి. చెప్పలేనివాడు తువ్వాలు ఎత్తి చూసుకుంటాడు, అందులో తప్పేమీ లేదు. మూడు వందల నాలుగును 3004 అని రాసేవాడికి కార్డులతో ఇంకో పని ఉంది. 300 అని రాసిన పొడుగు కార్డు, 4 అని రాసిన చిన్న కార్డు తీసుకుని, చిన్నదాన్ని కుడి అంచుకు సర్ది చివరి సున్నా మీద పెట్టాలి. తాను విన్న మూడు వందలు ఆ నాలుగు కిందే ఉన్నాయని కార్డు ఎత్తి చూసుకోవచ్చు. పాత క్యాలెండరు అట్టతో ఒక మధ్యాహ్నంలో అయిపోయే సామాను ఇది.

ఒక్క టీచరే అయిదు తరగతులూ చూసే బడుల్లో ఇదంతా ఎలా అంటారా? నిజానికి వస్తువుల అవసరం అక్కడే ఎక్కువ. టీచరు నాలుగో తరగతి దగ్గర ఉన్నప్పుడు ఒకటో తరగతికి చేతిలో పని ఉండాలి. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతుల ఆధ్వర్యంలో తయారు చేసిన ‘పెట్టెలో బడి’ ఈ అవసరంలోంచే పుట్టింది. నిచ్చెన పటం చూసుకుని తన మెట్టుకు తగ్గ కార్డు పిల్లవాడే తీసుకుంటాడు, పని చేసుకుంటాడు, మళ్లీ అక్కడే పెడతాడు. కర్ణాటక ‘నలి కలి’కీ, తమిళనాడు కృత్యాధార బోధనకూ స్ఫూర్తి అక్కడి నుంచే వెళ్లింది. మన గడ్డ మీద పుట్టిన పద్ధతిని పక్క రాష్ట్రాలు వేల బడులకు తీసుకెళ్లాయి, మనం యాత్రలకు వెళ్లి ఫొటోలు దిగి వచ్చాం. సరే, అది ఇంకో ఉత్తరానికి సరిపడే బాధ. ఇక్కడ చెప్పాల్సిందేమిటంటే, పిల్లలకు అందే ఎత్తులో తెరిచి పెట్టిన అరల్లో ఉంటేనే ఆ పద్ధతి నడుస్తుంది. తాళం వేసిన బీరువాతో నడవదు.

ఆడిట్ వాళ్లు ఒప్పుకోరని మీ కార్యాలయంలో ఎవరైనా అనవచ్చు. ప్రజాధనంతో కొన్న వస్తువుకు జవాబుదారీ ఉండొద్దా అని. ఉండాలి. విప్పని కవరులో అయిదేళ్లు పడి ఉన్న కిట్టు రిజిస్టరు ప్రకారం నూటికి నూరు పాళ్లు భద్రం, పిల్లల లెక్కల ప్రకారం నూటికి నూరు పాళ్లు దండగ. సగం పూసలు పోయిన కిట్టు పనిచేసిన కిట్టు. మరి పిల్లల లెక్కల సంగతి చూస్తే, గ్రామీణ పిల్లల మీద ‘అసర్’ 2024 సర్వేలో దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండంకెల తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతమే. చిన్న తరగతుల్లో చదువు, లెక్కల పునాది కోసం కేంద్రం పెట్టిన ‘నిపుణ్ భారత్’ 2021 జులైలో మొదలైంది, దాని గడువు 2026–27. తెలంగాణలో అదే లక్ష్యంతో ‘తొలిమెట్టు’ 2022 ఆగస్టు 15న మొదలైంది. ఈ కార్యక్రమాలన్నిటికీ నేను అడిగేదే అతి చవకైన చేర్పు.

పసివాళ్లు నోట్లో, ముక్కులో పెట్టుకుంటారన్న భయం మాత్రం న్యాయమైనది. అంగన్‌వాడీలోనూ, అయిదేళ్లు నిండనివాళ్ల దగ్గరా చింతపిక్కలు, చిన్న పూసలు వద్దు. నోట్లో పట్టనంత పెద్ద డబ్బా మూతలు, గవ్వలు, కొబ్బరి చిప్ప ముక్కలు వాడొచ్చు. ఒకటో తరగతిలో కూడా మొదటి నెల టీచరు కన్ను ఉండాలి.

ఇంకొక్క భయం నాది. ఈ ఉత్తరం చదివి మీరు సానుకూలంగా స్పందిస్తే, వెంటనే ఎవరో ఒకరు ‘కిట్టు వాడుతున్న ఫొటో రోజూ యాప్‌లో పెట్టాలి’ అని ఆదేశం ఇస్తారు. దయచేసి అలా చేయనివ్వకండి. ఫొటో కోసం తెరిచిన పెట్టె ఫొటో అవగానే మూతపడుతుంది.

మీ పని తేలిక చేయడానికి మెమో ముసాయిదా నేనే రాసి పెడుతున్నాను. భాష మీ సెక్షన్ వాళ్లు సరిచేసుకోవచ్చు.

‘ఒకటి నుంచి మూడో తరగతి వరకు గణిత బోధన కోసం పాఠశాలలకు సరఫరా అయిన, లేదా పాఠశాలలే సమకూర్చుకున్న పూసలు, ఘనాలు, దిమ్మెలు, బిళ్లలు, పుల్లలు, ఆట నోట్లు, కార్డులను తరగతి గదికి ఇచ్చిన రోజునే సుద్దముక్కలతో సమానంగా ఖర్చు కింద నమోదు చేయాలి. వీటిలో పోయినవాటికి, విరిగినవాటికి ఏ ఉపాధ్యాయుడి నుంచీ వసూలు గానీ వివరణ గానీ కోరరాదు. బదిలీ సమయంలో వీటిని చార్జి జాబితాలో చేర్చనవసరం లేదు. తనిఖీ అధికారులు వీటిని లెక్కపెట్టరాదు. వీటితో ఒక కూడిక గానీ తీసివేత గానీ చేసి చూపమని పిల్లలను అడగవచ్చు. పోయినవాటి స్థానంలో కొత్తవి పాఠశాల గ్రాంటులోంచి ప్రధానోపాధ్యాయుడే స్థానికంగా కొనుక్కోవచ్చు. ఫొటోలు పంపనవసరం లేదు.’

రెండు రాష్ట్రాల్లోనూ బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. మే నెలాఖరుకు ఈ కాగితం ఎంఈవోల ద్వారా హెడ్మాస్టర్లకు చేరితే, పిల్లలు వచ్చిన మొదటి వారంలోనే పెట్టెలు కిందికి దిగుతాయి. ఆలస్యమైతే జులైలో తనిఖీలు మొదలై, ఎవరూ తాళం తీయరు.

ఇట్లు,
ఒక విశ్రాంత సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుడు